ఏటీ టైర్లు మీ బండికి నిజంగా కావాలా? కొనే ముందు మీ రోడ్లు లెక్కేయండి

ఎస్‌యూవీ కొన్న ఏడాదిలోపే చాలామందికి కంపెనీ ఇచ్చిన టైర్ల మీద మనసు విరిగిపోతుంది. సన్నగా, నున్నగా, ఫ్యామిలీ కారు టైర్లలా కనిపిస్తాయి. రీల్స్‌లో చూసిన థార్‌కి ఉన్నట్టు పెద్ద పెద్ద బ్లాకులు, సైడ్‌వాల్ మీద తెల్లటి అక్షరాలు ఉండే ఏటీ టైర్లు, అదే ఆల్ టెరైన్ టైర్లు, వేయిస్తే బండి లుక్కే మారిపోతుందనిపిస్తుంది. లుక్ మారుతుంది, నిజమే. సైజుని బట్టి నాలుగింటికి యాభై వేలు దాటిపోతుంది కూడా. దాంతోపాటు వానలో బండి ఆగే దూరం, మైలేజ్, ఒక్కోసారి స్పీడోమీటర్ చూపించే అంకె కూడా మారతాయి. ఈ రెండో సంగతి షాపులో చెప్పేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఏటీ టైర్లు వేసుకుని తిరిగే బండ్లలో చాలా వాటికి అవి అక్కర్లేదు. హైదరాబాద్–విజయవాడ హైవే, ఆఫీసు, పిల్లల స్కూలు, ఏడాదికోసారి అరకు ట్రిప్పు... ఈ వాడకానికి మంచి హెచ్‌టీ టైరే సేఫ్. నిజంగా అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో కొందరేమో అరిగిపోయిన హెచ్‌టీలతోనే కంకర రోడ్ల మీద నెట్టుకొస్తున్నారు. మీరు ఏ వైపు ఉన్నారో తేల్చుకోవాలి, ముందు అదీ సంగతి.

ఫోన్ల సైట్‌లో టైర్ల గోల ఏంటంటారా? స్పెక్ షీట్ చదవడం ఇక్కడి పాఠకులకి అలవాటే కాబట్టి. 200 మెగాపిక్సెల్ అని రాసి ఉన్న ప్రతి కెమెరా మంచి ఫొటో తీయదని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. టైరు మీద కనిపించే ఆ పెద్ద పెద్ద బ్లాకులు కూడా మెగాపిక్సెల్ లాంటివే. కంటికి కనిపించేది ఒకటి, పని చేసేది ఇంకొకటి. ఆ పని చేసే రబ్బరు, లోపలి ప్లైలు, గాలి ఒత్తిడి ఫొటోలో పడవు.

ఏటీ అన్న రెండక్షరాలకి పరీక్ష లేదు

ఎస్‌యూవీ టైర్లలో ప్రధానంగా మూడు రకాలు. హెచ్‌టీ అంటే హైవే టెరైన్: తారు రోడ్డు, సీసీ రోడ్డు కోసం. ఎంటీ అంటే మడ్ టెరైన్: బురద కోసం, రోడ్డు మీద హోరుమంటుంది. ఈ రెండింటికీ మధ్యలో ఉండేది ఏటీ. ఈమధ్య ఏటీకీ ఎంటీకీ మధ్యలో ఆర్‌టీ, అంటే రగ్డ్ టెరైన్, అని ఇంకోటి దూర్చారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఏటీ అని ముద్ర వేసుకోవడానికి టైరు ఫలానా టెస్ట్ పాసవ్వాలన్న రూలేమీ లేదు. కంపెనీ ఏది ఏటీ అంటే అది ఏటీ. అందుకే అపోలో ఆప్టెరా ఏటీ2 లాంటి రోడ్డు వైపు మొగ్గిన టైరూ ఏటీనే, బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ2 లాంటి మందపాటి సైడ్‌వాల్ ఉన్న మొరటు టైరూ ఏటీనే. ఈ రెండింటికీ పోలిక పెట్టడం బడ్జెట్ ఫోన్‌నీ గేమింగ్ ఫోన్‌నీ "రెండూ 5జీ ఫోన్లే కదా" అన్నట్టుంటుంది. "50 శాతం రోడ్డు, 50 శాతం ఆఫ్ రోడ్", "70:30" అని బ్రోషర్లలో రాసే అంకెలు కూడా కంపెనీలు తమకు తోచినట్టు వేసుకునేవే. వాటిని పట్టుకుని ఒక బ్రాండ్‌ని ఇంకో బ్రాండ్‌తో పోల్చలేం.

సైడ్‌వాల్ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటుంది, అంటే మడ్ అండ్ స్నో. ఇది కూడా ట్రెడ్ ఆకారాన్ని బట్టి కంపెనీ స్వయంగా వేసుకునే ముద్రే. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ మాత్రం వేరు. దానికి నిజంగా మంచు మీద టెస్ట్ ఉంటుంది, ఒక స్టాండర్డ్ టైరుతో పోల్చి చూసి మార్కులేస్తారు. కాకపోతే రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండలో తిరిగే బండికి మంచు సర్టిఫికెట్ ఎందుకు పనికొస్తుందో మీరే ఆలోచించండి. లడఖ్ వెళ్లే ప్లాన్ ఉంటే అది వేరే మాట.

మన ప్రభుత్వ వైపు నుంచి చూస్తే, తడి రోడ్డు మీద పట్టు, రోలింగ్ రెసిస్టెన్స్, శబ్దం ఈ మూడింటికీ ఏఐఎస్ 142 అనే ప్రమాణం ఉంది. ఇది కనీస మార్కులు మాత్రమే. బీఈఈ స్టార్ లేబుల్ ఫ్రిజ్, ఏసీల మీద చూసినట్టే కొన్ని టైర్ల మీదా కనిపిస్తుంది. ఆ స్టార్లు ప్రధానంగా ఇంధనం ఆదా గురించి చెప్తాయి. ఫైవ్ స్టార్ ఉంది కదా, బురదలో దూసుకెళ్తుందిలే అనుకోకండి.

వానలో ఏం జరుగుతుంది

"గాడులు లోతుగా ఉంటే వానలో పట్టు ఎక్కువ కదా" అని ఏటీ కొనేవాళ్లందరూ చెప్పే మాట. ఇందులో సగం నిజం. ఆ మిగతా సగంలోనే ప్రమాదం ఉంది.

వానలో టైరుకి రెండు వేర్వేరు పరీక్షలు ఎదురవుతాయి. మొదటిది, రోడ్డు మీద నిలిచిన నీళ్లు. వేగంగా వెళ్తుంటే ఆ నీళ్లని గాడుల్లోంచి పక్కకి తోసెయ్యాలి. తోయలేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉత్తదైపోతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఇక్కడ గాడి లోతు బాగా పనికొస్తుంది. కొత్త హెచ్‌టీకి సుమారు 8 మిల్లీమీటర్ల లోతుంటే ఏటీకి 10 నుంచి 12 దాకా ఉంటుంది. ఈ పరీక్షలో కొత్త ఏటీ బాగానే నిలబడుతుంది.

రెండోది తడి రోడ్డు. నీళ్లు నిలిచి లేవు, తారు మీద పల్చటి తడి పొర మాత్రమే ఉంది. వాన పడ్డప్పుడు మనం నడిపే సమయంలో ఎక్కువ భాగం ఇదే. ఇక్కడ లోతుతో పనిలేదు. రబ్బరు ఎంత మెత్తగా ఉందో, ఎంత రబ్బరు రోడ్డుని తాకుతోందో అదే లెక్క. ఒక్కో టైరు రోడ్డుని తాకేది సుమారు అరచేయంత మేర. ఏటీలో ఆ అరచేతిలో కూడా ఖాళీలే ఎక్కువ. పైగా రాళ్లకి చీలిపోకుండా రబ్బరుని గట్టిగా చేస్తారు. పొడుగ్గా నిలబడ్డ బ్లాకులు బ్రేక్ కొట్టినప్పుడు కదులుతాయి, ఒరుగుతాయి. అందుకని అదే ధరలో, అదే కంపెనీలో చూస్తే తడి తారు మీద హెచ్‌టీ సాధారణంగా ముందే ఆగుతుంది.

"ఎంత తేడా ఉంటుందిలే" అంటారేమో. ఒక లెక్క చూద్దాం. ఇది ఫలానా టైర్ల టెస్ట్ రిజల్ట్ కాదు, ఫిజిక్స్ పుస్తకం లెక్కే. 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న రెండు బండ్లు ఒకే క్షణంలో బ్రేక్ పట్టాయి. ఒకదాని టైర్లకి తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.6, రెండోదానికి 0.5 అనుకోండి. మొదటిది సుమారు 65 మీటర్లలో ఆగుతుంది. రెండోదానికి 79 మీటర్లు కావాలి. తేడా 13 మీటర్లు, మూడు కార్ల పొడవు. ఇంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా 40 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ముందు లారీ ఉంటే ఆ వేగంతోనే వెళ్లి తగులుతుంది. ఓఆర్ఆర్ మీద స్పీడ్ లిమిట్ 120. ఆ వేగంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇంకో చిక్కుంది. ఏటీ సగం అరిగాక దానికున్న ఒక్క లాభం, ఆ లోతు, అదీ పోతుంది. గట్టి రబ్బరు, కదిలే బ్లాకులు మాత్రం మిగులుతాయి. మన చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా టైరు వాడొచ్చు, గాడుల మధ్య ఉండే చిన్న గట్టు అదే చూపిస్తుంది. నా సలహా మాత్రం ఏ రకం టైరైనా 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే జూన్ రాకముందే మార్చేయమని. ఎండాకాలం అంతా పేరుకున్న దుమ్ము, ఆయిల్ మొదటి వానకి జారుడు పొరలా మారతాయి. అరిగిన టైరుకి అదే అసలైన గండం.

మన నేలలు అన్నీ ఒకటి కావు

"ఆల్ టెరైన్" అన్న పేరులో అన్ని నేలలూ ఉన్నాయి. మన దగ్గర నేలలు అలా ఒకే మాటకి లొంగవు.

నల్లరేగడి సంగతి చూడండి. ఆదిలాబాద్, కర్నూలు, పల్నాడు వైపు వానాకాలం పొలం బాటలో దిగినవాళ్లకి తెలుసు. ఆ మట్టి జిగురులా పట్టుకుంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి ఏటీ గాడులన్నీ నిండిపోతాయి, టైరు నున్నటి ముద్దలా తయారవుతుంది. అప్పుడు మీ కింద ఏటీ ఉన్నా హెచ్‌టీ ఉన్నా పెద్ద తేడా ఉండదు. మట్టిని విదిలించుకునేంత పెద్ద ఖాళీలు ఎంటీలో ఉంటాయి, ట్రాక్టర్ టైరులో ఉంటాయి. అందుకే ఊళ్లో బండి దిగబడితే లాగడానికి ట్రాక్టరే వస్తుంది. నల్లరేగడి బాట మీ రోజువారీ దారి అయితే దానికి మందు ఏటీ కాదు. వాన వెలిసి ఒకరోజు ఆరేదాకా ఆ దారి మానెయ్యడం చవకైన పరిష్కారం.

ఎర్ర నేలలు, మొరం రోడ్లు, కంకర పరిచి తారు వేయడం మర్చిపోయిన రోడ్లు (ఇవి ఎన్ని ఉన్నాయో లెక్క అడక్కండి), క్వారీల దారులు, ఇక్కడ ఏటీ రాజా. కారణం పట్టు ఒక్కటే కాదు. పదునైన రాయి టైరు పక్కభాగాన్ని కోస్తే దానికి పంక్చర్ వేయడం కుదరదు, టైరు మొత్తం పారేయాల్సిందే. మంచి ఏటీకి సైడ్‌వాల్ మందంగా ఉంటుంది, ట్రెడ్ తొందరగా చిట్లదు. చీమకుర్తిలోనో కరీంనగర్‌లోనో గ్రానైట్ పని మీద రోజూ క్వారీలోకి వెళ్లే బండికి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో తారు లేని గూడేల దారుల్లో డ్యూటీ చేసే వాళ్ల బండికి ఏటీ విలాసం కాదు. రాత్రిపూట సిగ్నల్ లేని చోట టైరు చీలితే ఏం చేస్తారో ఆలోచిస్తే ఆ యాభై వేలు ఖర్చులా అనిపించవు.

ఘాట్ రోడ్ల విషయంలో మాత్రం చాలామంది పొరపడుతున్నారు. శ్రీశైలం, తిరుమల, అరకు, మారేడుమిల్లి దార్లలో ఏటీ కావాలని ఎవరు చెప్పారో తెలీదు. అవన్నీ తారు రోడ్లు. మలుపులు, మంచు తేమ, తడి ఆకులు, కిందికి దిగేటప్పుడు బ్రేకులు: ఇవన్నీ తడి తారు మీద పట్టు అడిగేవే. అంటే హెచ్‌టీ బలంగా ఉండే చోటు. రోడ్డు వదిలి వ్యూపాయింట్ దాకా రెండు కిలోమీటర్లు మట్టిలో వెళ్లడానికి 500 కిలోమీటర్ల తారు ప్రయాణాన్ని పణంగా పెట్టడం నాకు లెక్క కుదరని బేరం.

సముద్రపు ఇసుకలో టైరు రకం కంటే గాలి ముఖ్యం. 33 పీఎస్‌ఐ గాలితో ఏటీ కూడా కూరుకుపోతుంది. గాలి 18–20కి తగ్గిస్తే హెచ్‌టీ కూడా చాలా దూరం తేలిగ్గా వెళ్తుంది. కాకపోతే తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, లేదంటే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. క్రెటా, నెక్సాన్, బ్రెజా లాంటి బండ్లు ఫ్రంట్ వీల్ డ్రైవ్. ముందు చక్రాలు రెండే లాగుతాయి. వాటికి ఏటీ వేసినంత మాత్రాన ఫోర్ బై ఫోర్ అయిపోవు. అదే మారుతి జిమ్నీని చూడండి. లో రేంజ్ గేర్ ఉన్న అసలు సిసలు ఫోర్ బై ఫోర్. అలాంటి బండిని కంపెనీ మన దగ్గర అమ్మింది హెచ్‌టీ టైర్లతో, 195/80 ఆర్15 సైజులో. ఖర్చు తగ్గించుకోవడానికని కొందరు అంటారు, ఉండొచ్చు కూడా. కొన్నవాళ్లు ఎక్కువగా ఎక్కడ నడుపుతారో కంపెనీకి తెలుసని నేననుకుంటాను.

మీ లెక్క మీ ఫోన్‌లోనే ఉంది

"నేను ఆఫ్ రోడ్ బాగానే వెళ్తాను" అని అందరూ అంటారు. గుర్తున్నవి ట్రిప్పులే కదా, ఆఫీసుకి వెళ్లిన 250 రోజులు ఎవరికి గుర్తుంటాయి? గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్ చేసి ఉంటే ఒక్కసారి తెరవండి. ఇప్పుడు ఆ డేటా మీ ఫోన్‌లోనే సేవ్ అవుతుంది. గత ఏడాదిలో తారు, సీసీ రోడ్డు వదిలి బండి ఎన్ని రోజులు వెళ్లిందో, సుమారు ఎన్ని కిలోమీటర్లో నోట్ చేసుకోండి. అందులో నల్లరేగడి ఎంత, మొరం ఎంత అని కూడా పక్కన రాయండి.

మొత్తం కిలోమీటర్లలో పదో వంతు కూడా మట్టి, కంకర లేకపోతే నా ఓటు కళ్లు మూసుకుని మంచి హెచ్‌టీకే. మూడో వంతు దాటితే ఏటీ తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్లకి రోడ్డు వైపు మొగ్గిన తేలికపాటి ఏటీ. యోకోహామా జియోలాండర్ ఏటీ జీ015 లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఈ పదో వంతు, మూడో వంతు అనేవి నేను పెట్టుకున్న గీతలే. మీ దారిలో రాళ్లు మరీ పదునైనవైతే గీత కిందికి జరపండి. వారానికి రెండుసార్లు క్వారీకి వెళ్లేవాళ్లకి శాతాలు చూడాల్సిన పనిలేదు.

ఈవీ ఉన్నవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. ఏటీ బరువు ఎక్కువ, దొర్లడానికి శక్తి ఎక్కువ తీసుకుంటుంది. డీజిల్ బండిలో లీటరుకి కొంత మైలేజ్ తగ్గిందని సర్దుకుంటారు, ఈవీలో అదే రేంజ్‌లో కోత. పైగా ఇంజిన్ శబ్దం లేని బండిలో టైరు హోరు రెట్టింపుగా వినిపిస్తుంది.

సైజు పెంచేటప్పుడు

ఏటీ వేయిస్తూ "ఒక సైజు పెంచేద్దాం సార్" అని షాపులో అంటారు. అక్కడ ఆగండి. టైరు మీద 235/65 ఆర్17 104హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 235 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 104 అంటే ఆ టైరు 900 కిలోలు మోయగలదు. హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. చాలా ఏటీలకి ఈ చివరి అక్షరం ఎస్, ఆర్, ఒక్కోసారి క్యూ ఉంటుంది, అంటే 180, 170, 160. మన రోడ్ల మీద అది చాలు కానీ కంపెనీ చెప్పిన రేటింగ్ కంటే తగ్గిస్తే క్లెయిమ్‌ల విషయంలో ఇన్సూరెన్స్ వాళ్లని ముందే అడగడం మంచిది. మోసే బరువు అంకె మాత్రం కంపెనీ చెప్పినదానికంటే ఒక్కటి కూడా తగ్గకూడదు. అక్కడ రాజీ లేదు.

మళ్లీ జిమ్నీనే తీసుకుందాం. 195/80 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703.5, ఒకటిన్నర శాతం పెరిగింది, పర్లేదు. లుక్ కోసం 235/75 ఆర్15 వేస్తే 733.5 అవుతుంది, దాదాపు 6 శాతం ఎక్కువ. ఇప్పుడు చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, బండికి ఆ సంగతి తెలీదు. పాత టైర్లతో మీటరు 100 చూపించిన చక్రం వేగానికే ఇప్పుడు బండి 6 శాతం ఎక్కువ వేగంగా పోతుంది. పికప్ తగ్గుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఫెండర్‌కి రాసుకోవచ్చు. చిన్న సైజు స్టెప్నీ అలాగే ఉంచి ఫోర్ బై ఫోర్ మోడ్‌లో నడిపితే డిఫరెన్షియల్‌కి దెబ్బ. అంటే లెక్క నాలుగు టైర్లకి కాదు, ఐదింటికి వేసుకోవాలి.

సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ టైరు. లోపల ప్లైలు ఎక్కువ, బరువు ఎక్కువ, రాళ్లకి లొంగదు. కానీ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన పీఎస్‌ఐ దానికి సరిపోకపోవచ్చు. అదే బరువు మోయడానికి దానికి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ ఇచ్చే లోడ్ టేబుల్ చూసి నింపాలి తప్ప పంక్చర్ షాపులో నోటికొచ్చిన అంకెకి ఒప్పుకోకండి.

డబ్బు సరిపోక రెండే వేయించాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: ముందు ఏటీ, వెనక హెచ్‌టీ లాంటి కలగూరగంప వద్దు. తడి మలుపులో రెండు రకాల పట్టు ఉంటే బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఒకే రకంలో రెండు కొత్తవి కొంటే వాటిని వెనక్కి వేయండి, ముందుకి కాదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. వెనక చక్రాలు జారితే సరిదిద్దుకోవడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

టైరుకంటే ముందు కొనాల్సిన మూడు గ్యాడ్జెట్లు

ఏటీ కోసం యాభై వేలు తీసేముందు ఐదారు వేలలోపు అయిపోయే పనులున్నాయి. బండిలో టీపీఎంఎస్ లేకపోతే వాల్వ్ మూతల్లా బిగించే బ్లూటూత్ సెన్సర్ల సెట్ తీసుకోండి. గాలి ఒత్తిడి ప్రతి 5–6 డిగ్రీల చలికి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. విశాఖలో 28 డిగ్రీల దగ్గర నింపుకుని డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగిలో 6 డిగ్రీల చలిలో చూస్తే 4 పీఎస్‌ఐ దాకా తగ్గి కనిపిస్తుంది. టైరు బాగానే ఉంది, భయపడక్కర్లేదు, కానీ తెలిసుండాలి.

పోర్టబుల్ ఇన్‌ఫ్లేటర్ కొనేటప్పుడు బాక్స్ మీద "150 పీఎస్‌ఐ" చూసి మురిసిపోకండి. మీకు కావాల్సింది 33–35. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి కొడుతుంది, ఆపకుండా ఎన్ని నిమిషాలు నడుస్తుంది అన్నవే చూడండి. పెద్ద ఏటీ టైరుని 18 నుంచి 33కి నింపడంలో బొమ్మ ఇన్‌ఫ్లేటర్లు వేడెక్కి ఆగిపోతాయి. బ్యాటరీ మోడళ్లలో ఎంఏహెచ్ అంకె కూడా పవర్‌బ్యాంకుల కథే, ఏ వోల్టేజ్ దగ్గర లెక్కేశారో చెప్పకపోతే దానికి అర్థం లేదు. మూడోది ట్రెడ్ డెప్త్ గేజ్, కొన్ని వందల్లోనే దొరుకుతుంది. నెలకోసారి నాలుగు టైర్లకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలిచి ఫోన్‌లో రాసుకోండి. ఒక పక్కే అరుగుతుంటే తప్పు టైరుది కాదు, అలైన్‌మెంట్‌ది. అది సరిచేయకుండా ఏటీ వేస్తే అవీ అలాగే పోతాయి.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్న మనవాళ్లకి నా లెక్క కొంత తిరగబడుతుంది. డెన్వర్ వైపు ఉండేవాళ్లకి మంచు రేకు ముద్ర ఉన్న ఏటీ నిజంగా పనికొచ్చే వస్తువు. కొలరాడోలో ఐ70 మీద డాట్సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ నుంచి మే దాకా ట్రాక్షన్ రూల్స్ ఉంటాయి, ట్రెడ్ లోతు 3/16 అంగుళం, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు ఉండాలంటారు. మన 1.6తో పోల్చుకోండి. ఊళ్లో ఉన్న తమ్ముడికి "నేను ఇక్కడ ఏటీ వాడుతున్నా, సూపర్" అని సలహా ఇచ్చేముందు ఆ సూపర్ అన్నది మంచు గురించని కూడా చెప్పండి.

ఇక కొనడానికే నిర్ణయించుకున్నవాళ్లకి. షాపులో టైరు బిగించకముందే సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ కోడ్ ఫోన్ టార్చ్ వేసి చూడండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. ఏటీలు హెచ్‌టీలంత వేగంగా అమ్ముడుపోవు కాబట్టి షాపుల్లో పాత స్టాక్ మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఏడాది దాటితే గట్టిగా బేరమాడండి, రెండేళ్లు దాటితే వద్దనండి. నాలుగింటి కోడ్ ఫొటోలు తీసి బిల్లుతో పాటు ఉంచుకోండి, వారంటీ అడిగేటప్పుడు పనికొస్తాయి.

కంపెనీ టైర్లు 6 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే "ఎక్స్‌ఛేంజ్‌లో తీసేసుకుంటాం సార్" అని షాపువాళ్లు చెప్పే రేటు నామమాత్రమే ఉంటుంది. ఇంట్లో చోటుంటే వాటిని ఇచ్చేయకండి. కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట పెట్టుకోండి. ఒక వానాకాలం గడిచాక ఏటీలతో మీకు పొసగలేదనుకోండి, అవే మళ్లీ బిగించుకోవచ్చు.